సైకిల్ మీద గ్లౌజులు ఎందుకంటే

సైకిల్ తొక్కేటప్పుడు గ్లౌజులు ఎందుకు వేసుకుంటానని అడిగిన వాళ్లందరికీ ఒక్కో కారణం చెప్పుకుంటూ వచ్చాను. అంగన్‌వాడీ టీచర్‌తో ఎండకు చేతులు నల్లబడుతున్నాయన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మరి మొఖం సంగతేంది సిస్టరమ్మా?" అని పకపకా నవ్వింది. కిరాణా కొట్టాయనతో చలికి అన్నాను. అప్పుడు నడుస్తున్నది ఏప్రిల్ నెల. ఇంకొకామెతో, కంకర మీద పడితే అరచేతులు గీరుకుపోకుండా అన్నాను. చెమటకు హ్యాండిల్ జారుతుందని కూడా ఎవరితోనో అన్నట్టు గుర్తు. ఒక్కటీ అబద్ధం కాదు. వేసుకోవడం మొదలుపెట్టాక అన్నిటికీ పనికొచ్చాయి. కానీ నేను వాటిని తెప్పించుకున్నది వేరే కారణానికి. దాన్ని ఏడాదికి పైగా ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

నేను ఏఎన్ఎంను. తాండూరులో ఉంటాను. పెద్దేముల్ వైపు ఒక ఊళ్లో ఉన్న సబ్‌సెంటర్‌కు రోజూ తొమ్మిది కిలోమీటర్లు సైకిల్ మీద వెళ్తాను. ఆ ఊళ్లో సూదులు వేయడం, గర్భిణుల పేర్లు రాసుకోవడం, ముసలివాళ్లకు బీపీ చూసి మాత్రలివ్వడం అన్నీ నేనే. షేర్ ఆటోలు పదిమంది కిక్కిరిస్తే గానీ కదలవు, నాకేమో అంత ఓపిక లేదు. స్కూటీ నేర్చుకోమని మా ఆయన పదేళ్లు చెప్పి చెప్పి నోరు మూసుకున్నాడు. సూది వేసేటప్పుడు గ్లౌజు తొడుక్కోని పిల్ల నర్సులను నేను దులిపేసేదాన్ని. సైకిల్‌కు గ్లౌజులేమిటి, అదంతా పట్నం వాళ్ల షోకు అనుకునేదాన్ని.

మా దారిని బండల లారీలు తినేశాయి. తాండూరు దాటగానే రోడ్డుకు రెండు పక్కలా బండలు కోసే షెడ్లు. ఆ తెల్లటి పొడి చెట్ల మీద, కరెంటు తీగల మీద, రోడ్డు పక్కన పడుకున్న కుక్కల మీద కూడా పేరుకుని ఉంటుంది. గుంటల్లో చక్రం పడ్డప్పుడల్లా ఆ దెబ్బ హ్యాండిల్‌లోంచి భుజాల దాకా వచ్చేది. హ్యాండిల్ రబ్బర్లు ఎప్పుడో ఊడిపోతే పాత చీర పేలికలు చుట్టుకున్నాను. సైకిల్ దిగాక కాసేపు చేతులు జుమ్మంటూ ఉండేవి, గుప్పిట్లో తుమ్మెదను పట్టుకున్నట్టు. చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారేవి. దులుపుకుని పనిలో పడేదాన్ని. వయసు యాభై దాటింది, ఏదో ఒకటి ఉంటుందిలే అనుకున్నాను.

ఆ రోజు చలికాలం పొద్దున. మంచు ఎంత దట్టంగా ఉందంటే నా ముందు చక్రం నాకే కనబడటం లేదు. బండల పొడి, మంచు కలిసిపోయి ఏది ఏదో తెలియని తెలుపు. ఎక్కడో ఆగి ఉన్న లారీలోంచి ఒక మగగొంతు "యారు? యారదు?" అని కన్నడంలో ఎవరదని అడిగింది. నేను పలకలేదు. ఎందుకో భయమేసి గట్టిగా తొక్కాను. ఆ గొంతు నా వెనకాలే వస్తున్నట్టు అనిపించి ఊరొచ్చేదాకా సైకిల్ ఆపలేదు.

సబ్‌సెంటర్ ముందు ఒక అవ్వ నిలబడి ఉంది. ఊరి చివర గొర్రెల దొడ్డి పక్కన ఇల్లు వాళ్లది. ఆమె మొగుడు జీవాల కాపరి, డెబ్బై దాటినా మొన్నమొన్నటి దాకా మందతో తిరిగిన మనిషి. కొడుకు షేర్ ఆటో నడుపుతాడు.

"మా ఇంటాయన లేస్తలేడు సిస్టరమ్మా. ఎంత పిల్సినా కండ్లు తెరుస్తలేడు. జర జల్ది రా," అంది.

సైకిల్ అక్కడే గోడకు ఆనించి ఆమె వెంట పరుగెత్తాను. తాత మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని మణికట్టు పట్టుకున్నాను. చల్లగా ఉందో లేదో నాకు తెలియలేదు. నా వేళ్లే మంచుగడ్డల్లా ఉన్నాయి. చెయ్యి బిగుసుకుని ఉంది, అదీ చలికే అనుకున్నాను. అవ్వ నా మొహంలోకి చూస్తోంది. కొడుకు గుమ్మంలో నిలబడి నా మొహంలోకే చూస్తున్నాడు.

నా మూడు వేళ్ల కింద నాడి కొట్టుకుంది. టక్, టక్, టక్. స్పష్టంగా, బలంగా.

"కొడుతుంది. ఉన్నడు," అన్నాను.

అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే మంచులో గంట దాటుతుందన్నారు. కొడుకు ఆటో తెచ్చాడు. వెనక సీటులో తాతను అడ్డంగా పడుకోబెట్టి, తల అవ్వ ఒళ్లో పెట్టాం. నేను ఎదురుగా కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఊరి పొలిమేర దాటామో లేదో అవ్వ ఉలిక్కిపడి, "గొంగడి మర్సిన. ఎన్కకు తిప్పు కొడుకా," అంది.

"గొంగడేందే ఇప్పుడు!"

"గొంగడి లేకుంట ఆయన ఎన్నడన్న గడప దాటిండా? చలికి చూడు, ఎట్ల కొయ్యబారిండో. తిప్పు."

గొర్రెలు కాసే వాళ్లలో పుట్టినప్పుడు పిల్లను పడుకోబెట్టేది గొంగడి మీదే, పెళ్లిపీటల మీద పరిచేదీ అదే. అతడు ఇంకోమాట మాట్లాడకుండా ఆటో తిప్పాడు. ఇంటి ముందు ఆటో ఆగింది. అవ్వ దిగి లోపలికి పోయింది. ఇంజన్ ఆపేశాడు. చుట్టూ ఒక్క చప్పుడు లేదు. గొర్రెలు కూడా అరవలేదు. అప్పుడే నా వేళ్ల కింద నాడి తగ్గడం మొదలైంది. మెల్లగా, ఇంకా మెల్లగా. వేళ్లు జరిపి వెతికాను. లేదు.

కొడుకు అద్దంలోంచి నన్ను చూశాడు. "ఉన్నదా?"

"తగ్గుతుంది," అన్నాను. ఆ ఒక్కమాట అనకుండా ఉండాల్సింది.

తాండూరు దాకా అవ్వ గొంగడి కప్పి, తాత చెవి దగ్గర వంగి ఏదో మాట్లాడుతూనే ఉంది. ఆటో చప్పుడులో నాకేమీ వినిపించలేదు. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. ఒకసారి ఏడ్చింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ ఒక్క నిమిషం చూశాడు. "తెచ్చేసరికే ప్రాణం లేదు," అని వాళ్లతో చెప్పి, నన్ను పక్కకు పిలిచాడు. "సిస్టర్, ఈయన పోయి తక్కువలో తక్కువ ఐదారు గంటలైంది. దవడ బిగుసుకుపోయింది. కళ్లు చూడలేదా?"

"నాడి దొరికింది సార్."

"సైకిల్ తొక్కొచ్చి పట్టుకున్నారా?" అని అడిగాడు. తలూపాను. "అది మీ నాడే. మీ వేళ్లల్లో కొట్టుకున్నది మీకు తగిలింది. ఆయాసం తగ్గాక ఆగిపోయి ఉంటుంది." కోపంగా కూడా అనలేదు. అందుకే మరీ గుచ్చుకుంది.

నర్సింగ్ బడిలో మొదటి వారం చెప్పే పాఠం అది. చచ్చిన మనిషి చెయ్యి పట్టుకుని, నా గుండె చప్పుడు నేనే విని, బతికున్నాడని చెప్పాను. బయటికి వస్తే అవ్వ నేలమీద కూర్చుని ఉంది. కొడుకు గోడకు తల ఆనించి, "గొంగడి కోసం తిప్పకపోతె బతుకుతుండె. అప్పటిదాంక నాడి మంచిగనే ఉండె," అంటున్నాడు. నోరు తెరిచాను. ఉద్యోగం గుర్తొచ్చింది, మెమో గుర్తొచ్చింది, రేపు ఈ ఊళ్లో ఎవరు నా చేతికి చెయ్యిస్తారన్నదీ గుర్తొచ్చింది. మూసుకున్నాను. నేను మంచిదాన్నని నాకు చాలాకాలంగా ఒక నమ్మకం ఉండేది, ఆ గోడ పక్కన అది పోయింది.

తరవాత మొదలైంది అసలు బాధ. సైకిల్ దిగి సబ్‌సెంటర్ తాళం పట్టుకుంటే తాళం కొట్టుకునేది. తలుపు గడియ కొట్టుకునేది. బీపీ మిషన్ రబ్బరు బుడ్డి, నీళ్ల బిందె అంచు, గోడకు వేసిన తాండూరు బండ, ఏది పట్టుకున్నా నాడి. కారణం నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా? ఒకరోజు తలుపు వేసుకుని, గడియారం ముందు పెట్టుకుని, కుర్చీ కాలు పట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి ఎనభై ఎనిమిది. ఆరోగ్యంగా ఉన్న కుర్చీ. నవ్వొచ్చింది, ఆ వెంటనే చెయ్యి వదిలేసి మూలకు జరిగి కూర్చున్నాను.

గర్భిణి పొట్ట మీద చెయ్యి వేయాలంటే వణుకు. లోపల కదిలింది బిడ్డా, నా వేళ్లా? మిషన్ లేకుండా ఎవరినీ ముట్టుకోవడం మానేశాను. "సిస్టరమ్మ ఇదివరకు చెయ్యేస్తె చాలు చెప్పేది, ఇప్పుడు మిషన్ మిషన్ అంటది," అని ఊళ్లో చెప్పుకున్నారు.

సెలవు పెట్టి వికారాబాద్ వెళ్లి నరాల డాక్టర్‌కు చూపించుకున్నాను. అరచేతి మొదట్లో నరం నలిగిపోతోంది, హ్యాండిల్ మీద బరువు వేయకండి, మెత్తటి గ్లౌజులు వాడండి అన్నాడు. స్టేషన్ దారిలో ఒక చాయ్ హోటల్ ముందు అనంతగిరి ఎక్కి దిగి వచ్చిన పట్నం పిల్లల సైకిళ్లు ఏడెనిమిది వరసగా ఆపి ఉన్నాయి. పిల్లలంతా లోపల చాయ్ తాగుతున్నారు. గ్లౌజులు తీసి హ్యాండిళ్లకే తొడిగి పోయారు. చెమట ఆరక ఆ వేళ్లు వంకర తిరిగి, హ్యాండిళ్లను గట్టిగా పట్టుకునే ఉన్నాయి. సైకిళ్ల మీద మనుషులు లేరు, చేతులు మాత్రం ఉన్నాయి. అక్కడే నిలబడి వేళ్లు నులుముకుంటున్నాను. లోపలి నుంచి ఒక అమ్మాయి వచ్చి, "ఏమైందక్కా? చేతులు తిమ్మిరెక్కుతయా మీకు కూడ?" అని అడిగి, నా చెయ్యి తీసుకుని ఒక గ్లౌజు తొడిగింది. అరచేతిలో జున్నుముక్క లాంటి మెత్త ఉంది. వేళ్ల చివర్లు బయటికే ఉన్నాయి. ఇంటికొచ్చి మా ఆయన ఫోన్‌లో అలాంటివే తెప్పించమన్నాను. ఎందుకని అడిగితే ఎండకు అన్నాను. ఆ కారణాల వరసలో అదే మొదటిది.

గ్లౌజులు పనిచేశాయి. నెలరోజుల్లో కుర్చీ చచ్చిపోయింది. తాళం తాళంలా, బిందె బిందెలా ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని రోజూ వాటిని తొడుక్కునేటప్పుడు అనుకునేదాన్ని.

కానీ అవ్వ ఉంది. నెలకోసారి బీపీ మాత్రలకు వచ్చేది. వచ్చినప్పుడల్లా ముందు, "ఆ తొడుగులు తియ్యి బిడ్డా," అనేది. తీస్తే నా కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ మూడు వేళ్లనే ఏరి, తన చెంపకు ఆనించుకునేది. "ఆకరికి ఈ ఏళ్లకే దొరికిండు," అనేది. తరవాత నా మణికట్టు ఎత్తి చెవి దగ్గర పెట్టుకునేది. కళ్లు మూసుకుని వినేది. "ఇంకా కొడుతుంది. గిదే. గిట్లనే కొట్టిందంటివి గద ఆ దినం," అనేది. ఆమె అన్నది అక్షరాలా నిజం. ఆ రోజు కొట్టింది అదే నాడి. చెయ్యి లాక్కోలేక, ఉంచలేక, గోడ మీది టీకాల పట్టిక చదువుతూ కూర్చునేదాన్ని.

రెండో చలికాలం వచ్చింది. అవ్వ బీపీ తగ్గకపోగా పెరుగుతోంది. మాత్రలు మార్పించినా అంతే. ఒకరోజు నేనే ఇంటికి వెళ్లాను. కొడుకు ఇంటి తలుపు వేసి ఉంది. అవ్వ గొర్రెల దొడ్డి మూల రేకు కింద మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని ఉంది. వణుకుతూ కూర్చుంది, ఒంటి మీద పలచటి చీర తప్ప ఏమీ లేదు. గొంగడి మాత్రం దండెం మీద మడత పెట్టి ఉంది.

"గొంగడి కప్పుకోవచ్చు గద అవ్వా?"

"కప్పుకుంటె ఆయన పానం కప్పుకున్నట్టు ఉంటది బిడ్డా. దాని కోసమే గద పోయె."

"నీ కొడుకు..."

"మాట్లాడక యాడాది దాటె. ఏం తప్పున్నది వానిది? నేనే తిప్పుమన్న. నా మాటిని తిప్పిండు వాడు."

పొయ్యి పక్కన డబ్బాలో నేనిచ్చిన మాత్రలు ఉన్నాయి. అట్టలు అట్టలుగా, ఒక్కటీ చింపలేదు. ఏడాది నుంచి ఒక్కటీ మింగలేదు ఆమె. అడిగితే, "ఎందుకు బిడ్డా?" అంది, అంతే. చచ్చిపోవడానికి తొందరపడటం లేదు, అలాగని ఆపడమూ లేదు. మాత్రల కోసం కాదు, నా చెయ్యి కోసం వచ్చేది నెలనెలా.

ఆ రోజు నా మీద నాకు వచ్చినంత అసహ్యం మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆటో చప్పుడైంది. కొడుకు అన్నానికి వచ్చాడు. దొడ్డి దగ్గరికి పిలిచాను. రానన్నాడు. "నీ తండ్రి సంగతి," అన్నాక వచ్చి, తల్లి వైపు చూడకుండా దొడ్డి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"మీ నాయిన తొవ్వల పోలేదు. రాత్రే పోయిండు. నేను రాక ముందే ఐదారు గంటలైంది. డాక్టర్ నాకు ఆ దినమే చెప్పిండు. నేను దాచిన," అన్నాను. "నాడి ఉన్నదని చెప్పింది తప్పు. అది నాది. గొంగడికి తిప్పకపోయినా ఆయన లేడు."

కొడుకు గుంజను వదిలి నిటారుగా నిలబడ్డాడు. తరవాత, "ఇన్ని దినాలు?" అన్నాడు. "గీమె ఈడ కూసొని ఒండుకుంటుంటె రోజు సైకిల్ మీద ముంగట్నుంచే పోతివి గద సిస్టరమ్మా!" తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. అతడు తల్లి దగ్గరికి రెండడుగులు వేసి, ముట్టుకోలేక ఆగిపోయి, మొహం తిప్పుకుని ఇంట్లోకి పోయాడు. లోపల పెద్దగా ఏడ్చాడు.

అవ్వ మాత్రం నన్నే చూస్తోంది. ఆమె మొహం తేలికపడుతుందని ఎదురుచూశాను. నేను మోయించిన బరువే కదా, దింపితే తేలిక కావాలి. కాలేదు. ఆ కళ్లల్లోకి ఇంకేదో వచ్చింది.

"అయితె..." అంది. ఆగింది. "అయితె ఆటోల నేను చెప్పినయన్ని ఆయన ఇనలేదా?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఏడాదిపాటు నా తప్పును నలువైపులా తిప్పి చూసుకున్నాననుకున్నాను, ఈ వైపు చూడలేదు. కొడుకు ఆమెను వదిలేసినా, ఆమె దగ్గర ఒకటి మిగిలి ఉంది. తాత వింటూ ఉండగా ఆఖరి మాటలు చెప్పుకున్నానన్నది. అది కూడా నేనే తీసుకున్నాను. విన్నాడని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకో అబద్ధం చెప్పే ధైర్యం లేకపోయింది.

"లేదు అవ్వా. ఇనలేదు."

ఆమె పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది. మంట ఆరిపోయింది, పొగ కూడా ఆగిపోయింది. నేను లేచి వెళ్లిపోవాలో, కూర్చోవాలో తెలియలేదు. అప్పుడు ఆమె చెయ్యి చాచింది.

"ఇట్ల ఇయ్యి."

గ్లౌజు తీసి చెయ్యి ఇచ్చాను. విసిరికొడుతుందనుకున్నాను. ఆమె నా మణికట్టు మీద తన వేళ్లు పెట్టింది, నేను తాతకు పెట్టినట్టే. నాడి దొరికేదాకా వేళ్లు జరుపుకుంది. దొరికాక గట్టిగా నొక్కి పట్టుకుంది.

"గీ నాడే గద అప్పుడు కొట్టింది. నీదే గద," అంది.

"అవునవ్వా."

"అయితె నువ్వే ఇను."

నా వైపు జరిగి, చెవి దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, పెళ్లైన కొత్తలో తాతను పిలిచిన పిలుపు కాబోలు, దానితో నన్ను పిలిచి, ఆ రోజు ఆటోలో చెప్పినవన్నీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.